కిటికీ దాటేలోపు

పోయిన నెల కంటి దవాఖానలో చుక్కల మందు వేసి, కాసేపు కళ్ళు మూసుకొమ్మని ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ మందు సంగతి మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తరువాత కళ్ళు తెరిస్తే ఎదుటివాళ్ళ ముఖాలన్నీ తడిసిన కాగితం మీది సిరాలాగా అలుక్కుపోయి కనిపిస్తాయి. అట్లా అలుక్కుపోయిన జనంలోనుంచి ఒక మనిషి నా వైపు వస్తుంటే, ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే వీడు నా కొడుకు అని నాకు తెలిసిపోయింది. ముఖం లేదు, చొక్కా రంగు కూడా తెలియడం లేదు. కుడి భుజం కొంచెం ముందుకు తోసి, ఎవరినో దాటుకొని పోతున్నట్టు నడిచే ఆ నడక ఒక్కటే ఉంది. వాడు పక్కన కూర్చొని ఎట్లా గుర్తుపట్టావని అడిగితే నేనేమీ చెప్పలేదు. చెప్పాలంటే భువనగిరిలో మా పాత ఇంటి కిటికీ దగ్గరినుంచి, ఆ కిటికీ పక్కన కూర్చున్న మా మేనత్త దగ్గరినుంచి మొదలుపెట్టాలి. అది దవాఖాన బల్ల మీద తేలే ముచ్చట కాదు. అందుకని ఇంటికి వచ్చి, చూపు నెమ్మదించాక ఇట్లా రాస్తున్నాను.

అత్త మా బాపుకు ఒక్కతే చెల్లెలు. కేతేపల్లి దిక్కు కలిగిన ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన నాలుగో ఏడు వానాకాలంలో విషజ్వరం వచ్చి మామ పోయాడు. పందొమ్మిదేళ్ళకే అత్త మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఆనాటి మన ఇళ్ళల్లో అట్లా తిరిగివచ్చిన ఆడపిల్లకు ఏమేమి కూడదనేవారో మీకు తెలుసు. గడప దిగేది లేదు, పేరంటానికి పోయేది లేదు, శుభమా అని బయలుదేరేవాళ్ళకు ఎదురుపడేది లేదు. వాటన్నిటికీ అత్త తలవంచింది కానీ ఒక్కదానికి మాత్రం ఆమె ప్రాణం విలవిలలాడింది. వాకిట్లో ముగ్గు వేయవద్దన్నారు.

పెళ్ళికి ముందు మా వాడలో ఆమె ముగ్గే ముగ్గు అని చెప్పుకునేవారు. చుక్కలు పెట్టి, లెక్క చూసుకొని, ఆగి ఆగి వేసే ముగ్గు కాదట అది. పిండి పట్టుకొని వంగిందంటే చివరిదాకా గీత తెగేది కాదట. అట్లాంటి చేయి ఊరికే ఉండమంటే ఎట్లా ఉంటుంది? వచ్చిన కొత్తలో ఆమె గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు మోకాలి మీద కుడిచేతి వేళ్ళు వాటంతట అవే తిరుగుతుండేవి. మా అమ్మ అది చూసి జపం చేసుకుంటున్నదనుకుంది. బాపు మాత్రం అదేమిటో కనిపెట్టాడు.

బాపు ఒక వకీలు దగ్గర గుమాస్తా. కచేరిలో పనికిరాకుండా పోయిన కాగితాలు, ఒకవైపు ఉర్దూ రాతలుండి రెండోవైపు తెల్లగా ఉన్నవి, మా చదువుల కోసం ఇంటికి తెస్తుండేవాడు. ఒకనాడు అట్లాంటివే గుప్పెడు కాగితాలూ, వేలెడంత పెన్సిలు ముక్కా తెచ్చి ముందరి గది కిటికీ గూటిలో పెట్టి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అవ్వ, అంటే బాపు తల్లి, చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. లోకం గడప దిగవద్దన్నది గానీ కిటికీ దగ్గర కూర్చోవద్దని ఎవరూ అనలేదు కదా అని ఆమె అనుకొని ఉంటుంది.

ఆ కిటికీ రైలు స్టేషనుకు పోయే బాట మీదికి ఉండేది. ఆరు ఇనుప చువ్వలు. చూసేవాళ్ళకు బాగుండదని ఒక రెక్క ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళు. తెరిచిన సగంలోనుంచి ఎదుటి పెంకుటింటి గోడ, దాని పైన మా గుట్ట బోడి వీపు కనిపించేవి. మనిషి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క మాయమయ్యేలోపు మామూలు నడకకు ఆరడుగులు పడేవి. తొందరలో ఉన్నవాళ్ళకు నాలుగే.

నాకప్పటికే పెళ్ళయింది. మా ఆయన పట్నంలో చదువుకుంటున్నాడు, ఆ చదువు ముగిశాక గానీ కాపురానికి పంపేది లేదని పెద్దలు అనుకున్నారు. బడి మానిపించారు, అత్తవారింటికి పంపలేదు. అటూ ఇటూ కాని ఆ మూడేళ్ళు నేను మేనత్త పక్కన కూర్చున్నాను. నా జన్మలో అంత చదువు మళ్ళీ ఎక్కడా చదవలేదు.

మొదటిసారి నేను శ్రద్ధగా చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మోకు భుజాన వేసుకొని కల్లు గీయను తాళ్ళెక్కడానికి పోయే ఆయన బాట మీద వస్తున్నాడు. మొదటి చువ్వ దగ్గర ఆయన కనిపించగానే అత్త పెన్సిలు కాగితానికి ఆనించింది. కళ్ళు కాగితం మీద లేవు, ఆయన మీదే ఉన్నాయి. మెడ వెనుక నుంచి మడమ దాకా ఒక్క గీత దిగింది. దానికి అడ్డంగా భుజాలకొకటి, నడుముకొకటి. ఆయన చివరి చువ్వ దాటేసరికి పెన్సిలు ఆగింది. నేను తొంగి చూశాను. ముక్కు లేదు, కళ్ళు లేవు, ధోవతి మడత కూడా లేదు. అన్నీ కలిపి పది గీతలుంటాయో లేదో. ఆ పది గీతలు నడుస్తున్నాయి. ఆయన మలుపు తిరిగి పోయాడు, కాగితం మీద మాత్రం ఇంకా పోతూనే ఉన్నాడు. భుజాన మోకు బరువు, ఆ బరువుకు ఒరిగిన నడుము, ఎత్తబోతున్న మడమ, అన్నీ ఉన్నాయి. గుడిలో హారతి వెలిగినప్పుడు విగ్రహం కదిలినట్టు అనిపిస్తుంది చూడండి, అటువంటిదేదో అనిపించి, ఆ కాగితాన్ని ముట్టుకోవడానికి కూడా జంకాను.

నేను కూడా గీస్తానని పెన్సిలు పట్టుకున్నాను. నేను గీసిన మనుషులు బొమ్మల కొలువులో మట్టిబొమ్మల్లాగా నిలబడేవారు. ముఖం మొదలుపెట్టేలోపే మనిషి దాటిపోయేవాడు.

“మొఖం దిక్కు చూడకు పిల్లా. మొఖం ఆఖరుకు. బరువు ఏ కాలు మీదున్నదో ముందుగాల గది చూడు. కాలు ఎత్తినంక గీస్తే నీకు దొరకదు, ఎత్తబోయేటప్పుడే పట్టాలె,” అని అత్త చెప్పేది.

పట్టలేకపోయి నేను విసుక్కుంటే, “పోయినోళ్ళ ఎంబడి పడకు, పోనియ్యి. ఇంకోలు వస్తరు,” అనేది. ఆ మాట ఆమె నోట వింటే నాకు మనసులో ఏదో కలుక్కుమనేది. ఆమె మాత్రం మామూలుగానే అనేది.

నిజంగానే ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. నీళ్ళ కడవలు ఎత్తుకొని పోయే ఆడవాళ్ళు, ఉత్తరాల సంచీ చంకన పెట్టుకొని నేల చూస్తూ నడిచే తపాలా ఆయన, కర్ర ముందు పోతే వెనుక తాను పోయే ఒక ముసలాయన. దూరాన రైలు కూత వినిపిస్తే చాలు, బాట బాటంతా నడక మార్చేది. మా వాడ బట్టల సేటు చాలా లావుపాటి మనిషి. ఆయన పరుగెత్తితే పొట్ట ఒకసారి, ఆయన ఒకసారి పోతున్నట్టుండేది. అత్త ఆ పరుగును ఐదే గీతల్లో పెట్టింది. అది చూసి మా అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

సీతాఫలాల కాలంలో గుట్టల దిక్కు నుంచి ఒకామె గంప నెత్తిన పెట్టుకొని వచ్చేది. లోపలినుంచి తనను చూస్తూ ఎవరో ఏదో గీస్తున్నారని ఎట్లా తెలిసిందో, ఒకరోజు నేరుగా కిటికీ దగ్గరికే వచ్చి, గంప దించి, చూపించమంది. అత్త చువ్వల సందులోనుంచి కాగితం ఇచ్చింది. ఆమె ముందు దాన్ని తలకిందులుగా పట్టుకొని, తరువాత తిప్పుకొని, చాలాసేపు చూసింది.

“గిది నేను గాదమ్మా. గీమె మా అమ్మ. గంప కింద మెడ గిట్లనే ఒక పక్కకు పెట్టేది. సచ్చిపోయి పదేండ్లాయె. నువ్వెన్నడు చూసినవు?” అని అడిగింది.

“నేను చూడలేదమ్మా. నిన్ను చూసే గీసిన,” అంది అత్త.

ఆమె కాగితం తిరిగి ఇచ్చి, గంప ఎత్తుకొని, తల కదల్చకుండా కళ్ళు మాత్రం దించి తన పాదాల వంక చూసుకుంటూ రెండడుగులు వేసింది. మళ్ళీ వెనక్కి వచ్చి రెండు పండ్లు కిటికీ గూటిలో పెట్టి పోయింది. తల్లి నడక తనలో ఉన్నదని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. చాలాసేపు మేమిద్దరం ఆ పండ్లను ముట్టుకోలేదు.

ఆ తరువాత రోజులు చెడ్డాయి. నిజాం రాజ్యం చివరి రోజుల్లో మన నల్లగొండ జిల్లా ఊళ్ళు ఎట్లా గడిపాయో చూసినవాళ్ళు మీలో ఇంకా ఉన్నారు. ఇంట్లో మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. కానీ ఆ మార్పును మా ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది కిటికీ దగ్గరి అత్తే. ఒకరోజు ఆ వారం గీసిన కాగితాలు నేలమీద వరసగా పరిచి, “చూసినవా, ఒక్కలు గూడ చేతులు ఊపుకుంట పోతలేరు,” అంది. చూస్తే నిజమే. ఆడా మగా అందరి చేతులూ ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఎవరూ నోరు తెరిచి చెప్పని భయం ఆ కాగితాల మీద వరసగా నడుస్తోంది.

బాపు తమ్ముడు, మా చిన్నాయన, అత్త కన్నా రెండేళ్ళు చిన్న. పక్క ఊళ్ళో బడిపంతులుగా ఉండి, ఆ రోజుల్లోనే నిజాం మీద కొట్లాడే సంఘంలో కలిసి, ఇంటికి రావడం మానేశాడు. ఆయన కోసం పోలీసులు వెతుకుతున్నారని తెలిసింది. చిన్నప్పుడు గుట్ట మెట్ల మీది నుంచి పడి ఆయన ఎడమకాలు విరిగితే, కట్టు సరిగా కుదరక పాదం కొంచెం బయటికి తిరిగి అతుక్కుంది. అడుగు వేసినప్పుడల్లా ఆ పాదం గాలిలో చిన్న సున్న చుట్టి నేల మీద వాలేది. ఠాణాలో రాసుకున్న ఆనవాళ్ళలో మొట్టమొదటిది అదేనని బాపు కచేరిలో విని వచ్చాడు. ఎనిమిది నెలలు ఉన్నాడో లేడో తెలియలేదు. అవ్వ రోజుకు ఒక్కపూట, అది కూడా మా అమ్మ బతిమాలితే తినేది. వెనుక వాకిట్లో స్తంభానికి ఆనుకొని కూర్చొని, అడిగినదానికి కూడా జవాబు చెప్పడం మానేసింది.

ఎండాకాలం, నడి మధ్యాహ్నం. బాట మీద పిట్ట కూడా లేదు. గొంగళ్ళు అమ్మేవాడొకడు, మడతపెట్టిన గొంగళ్ళ మోపు నెత్తిన పెట్టుకొని, ఒక గొంగడి ముఖం మీదికి జార్చుకొని వచ్చాడు. అత్తా నేనూ ఇద్దరం చూస్తూనే ఉన్నాం. మా కిటికీ వైపు తల తిప్పలేదు, సరుకు పేరు చెప్పి కేక వేయలేదు. అత్త పెన్సిలు కదిలింది. ఆయన చివరి చువ్వ దాటాడు. పెన్సిలు ఆగింది కానీ కాగితం మీది నుంచి లేవలేదు.

అత్త కళ్ళు దించి తాను గీసినదాన్ని చూసింది. ముఖం తెల్లబోయింది. నేను కూడా చూశాను. కాగితం మీద ఎడమపాదం గాలిలో సున్న చుడుతోంది.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మనిషిని నేను రెండు కళ్ళతో చూశాను, నాకు తెలియలేదు. అత్త కూడా చూసింది, ఆమెకూ తెలియలేదు. చేతికి మాత్రం తెలిసింది. కలిసి ఆడి పెరిగిన తమ్ముణ్ణి ఆమె మనసు కన్నా ముందు ఆమె వేళ్ళు పోల్చుకున్నాయి.

అత్త ఆ కాగితం తీసుకుపోయి, ఏమీ చెప్పకుండా అవ్వ ఒళ్ళో పెట్టింది. అవ్వకు చదువు లేదు, చూపు కూడా అంతంతమాత్రం. లేచి వెలుతురులోకి పోయి, కాగితాన్ని కళ్ళ దగ్గరగా పట్టుకొని, ఒక్కొక్క గీత మీద వేలు పోనిచ్చింది. మోపు, మెడ, వీపు. వేలు ఎడమపాదం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“బక్కగయిండు,” అంది అవ్వ. “ఎటు దిక్కు పోయిండు?” అని అడిగింది.

“టేషన్ దిక్కు,” అంది అత్త.

అవ్వ కాగితం మడవకుండా జాగ్రత్తగా అత్త చేతికిచ్చి, మా అమ్మను పిలిచి, అన్నం పెట్టమంది. ఎనిమిది నెలల తరువాత తనంతట తాను అడిగి తిన్న అన్నం అది. తింటున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అయినా మారు అడిగింది.

ఆ కాగితాన్ని కాల్చెయ్యాలని ముగ్గురికీ తెలుసు. ముగ్గురికీ చేతులు రాలేదు. రోజూ మధ్యాహ్నం అవ్వ ఒకసారి చూపించమనేది. అత్త తన కాగితాల కట్టలోనుంచి తీసి చూపించి, మళ్ళీ వాటిలోనే పెట్టేది.

వారం తిరగకముందే ఠాణా పెద్ద, అమీను, వచ్చాడు. కిటికీలో కూర్చొని వచ్చేపోయేవాళ్ళ లెక్క రాసే ఆడమనిషి ఈ ఇంట్లో ఉన్నదని ఎవరో చేరవేశారు. బాపు కచేరి పని మీద నల్లగొండకు పోయిన రోజు అది. అమీను వెంట ఒక జవాను ఉన్నాడు; మా వాడ చివరి ఇంటివాడే, చిన్నాయనతో ఒక్క బడిలో చదువుకున్నవాడు, మా పెరటి జామకాయలు తిని పెరిగినవాడు. ఆనాడు మాత్రం ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డాడు. అత్త తలుపు వెనక్కి తప్పుకుంది. అవ్వ ముందుకు వచ్చింది.

“వచ్చేటోళ్లను పోయేటోళ్లను రాసుకునేది ఎవరు?” అన్నాడు అమీను.

“రాసుడు గాదు సాబ్, బొమ్మలు. మొగడు వోయిన పిల్ల, పొద్దుపోక ఏస్తది,” అంది అవ్వ.

కట్ట తెమ్మన్నాడు. నేనే తెచ్చి ఇచ్చాను. నాలుగు కాగితాలు తిప్పి కనుబొమలు ముడిచాడు.

“గివి బొమ్మలా? మొఖాలు ఏవి? ఏదో ఇషారాల లెక్క ఉన్నయి.” జవాను వైపు తిరిగి, “నువ్వు బాట మీద నడువు. ఆమెను గీయమను, చూస్త,” అన్నాడు.

నేను అత్త పక్కన కూర్చున్నాను. జవాను కిటికీ ముందు నుంచి నడిచి పోయాడు. అత్త పెన్సిలు కదల్చలేదు. “గిది ఆయన నడక గాదు, మనం చూస్తున్నమని నడుస్తున్నడు,” అని నా చెవిలో అంది. ఆయన బాట చివరిదాకా పోయి, ఇక అయిపోయిందనుకొని ఒళ్ళు వదిలేసి తిరిగి వస్తున్నప్పుడు గీసింది. ఎడమచేయి చువ్వను బిగించి పట్టుకొని ఉంది. కుడిచేయి మాత్రం ఏ రోజూ లేనంత స్థిరంగా ఉంది.

అమీను ఆ కాగితం చూశాడు, జవానును చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. ముందు నవ్వు వచ్చింది. తరువాత ఆ నవ్వు మెల్లగా పోయింది.

“ఫోటో దిగాల్నంటే మనిషి నిలబడాలె. గీమెకు నిలబెట్టే పనే లేదు,” అన్నాడు. తలుపు వైపు ఒకసారి చూసి, కట్ట మొత్తం జవాను చేతికిచ్చాడు. “నువ్వు ఈ ఊరోనివి. ఒక్కొక్కటి చూసి ఎవరో చెప్పు.”

జవాను చెప్పడం మొదలుపెట్టాడు. తాళ్ళెక్కే ఆయన సాబ్. తపాలా ఆయన సాబ్. సీతాఫలాలు అమ్మే ఆమె. సేటు, రైలు అందుకుంటున్నడు. ఒక్కటి కూడా తప్పలేదు. ముఖాలు లేని ఆ గీతలను చూసి ఆయన ఊరి మనుషులందరినీ చెప్పుకుంటూ పోతుంటే, అత్త చేతికి దండం పెట్టాలనిపించింది. అదే క్షణంలో, ఇంత బాగా గీయకపోయినా బాగుండేది దేవుడా అని కూడా అనిపించింది. ఎందుకంటే ఇంకో పది కాగితాల కింద చిన్నాయన ఉన్నాడు.

ఆ కాగితం వచ్చింది. జవాను నోరు ఆగింది. అవ్వ గుమ్మాన్ని పట్టుకుంది.

“ఇది?” అన్నాడు అమీను.

“గొంగళ్లు అమ్మెటోడు సాబ్. పాలమూరు దిక్కోడు గావచ్చు, మనూరోడు గాదు.”

“కాలు వంకరగున్నది.”

“నెత్తి మీద గంత మోత ఉంటే ఎవల కాలన్న వంకరనే పోతది సాబ్. గీమె కాలు గూడ చూడున్రి,” అని జవాను సీతాఫలాలామె కాగితం తీసి పక్కన పెట్టాడు.

అమీను రెండూ చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను. వంటింట్లో పాలు పొంగి పొయ్యిలో పడ్డ వాసన వచ్చింది, ఎవరమూ కదలలేదు. చివరికి రెండు కాగితాలనూ కట్టలో వేసి, కట్టను సంచిలో పెట్టించాడు. బాట మీది జనాన్ని చూడడమే ఈ రోజుల్లో మంచిది కాదని, ఆ కిటికీ మూసెయ్యాలని అవ్వకు చెప్పి పోయాడు. పొద్దు వాలకముందే ఒక వడ్లాయన సుత్తె, చెక్కలు పట్టుకొని వచ్చి బయటి నుంచి పలకలు కొట్టాడు. ఒక్కొక్క మేకు దిగుతుంటే గదిలో వెలుతురు ఒక్కొక్క పట్టీగా తగ్గిపోయింది. అత్త అక్కడే కూర్చొని చివరి పట్టీ పోయేదాకా చూసింది.

తరువాత నాలుగైదు నెలలు ఆమె ఇంట్లోవాళ్ళనే గీసింది. మజ్జిగ చిలికే మా అమ్మను, ఒత్తులు చేసే అవ్వను. బాగానే ఉండేవి. కానీ ఇంట్లోవాళ్ళు ఇప్పుడు కాకపోతే మళ్ళీ అయినా అటే వస్తారు. ఒక్కసారి కనిపించి పోయే మనిషి ముందు ఆమె చేతిలో లేచే ఆ వేగం వాటిలో లేదు.

మిలిట్రీ వచ్చింది, రాజ్యం మారింది. కొన్నాళ్ళకు చిన్నాయన గడ్డం పెంచుకొని, నిజంగానే బక్కచిక్కి ఇంటికి వచ్చాడు. అవ్వ ఆయనను ముట్టుకొని ముట్టుకొని చూసుకుంది. బాపు ఆ రోజే గొడ్డలి మడమతో కిటికీ పలకలు ఊడగొట్టాడు. ఆ వెలుతురులో అందరం కూర్చున్నప్పుడు చిన్నాయన ఒక సంగతి చెప్పాడు. కాలు తనను పట్టిస్తుందని, అజ్ఞాతంలో ఉన్నన్నాళ్ళూ పాదం తిన్నగా పెట్టి నడవడం నేర్చుకున్నాడట. అట్లా నడిస్తే మడమలో ముల్లు గుచ్చినట్టుండేదట. నిద్రలేచి నిలబడింది మొదలు పడుకునేదాకా, ఎవరూ లేని చోట కూడా, అట్లాగే నడిచేవాడట.

“ఊర్లకు వచ్చిన్నాడు గూడ మంచిగనే నడిచిన అక్కా. మన కిటికీ కాడ మాత్రం నా నడక నడిచిన. ఆరడుగులే. ఇంట్లకు రాలేను, పిలువలేను, తల తిప్పలేను. నువ్వు ఉన్నవో లేవో గూడ ఎరుకలేదు. ఉంటె పడతవని నడిచిన,” అన్నాడు.

అత్త చాలాసేపు తమ్ముడి కాలి వంకే చూసింది. “ఆరెందుకురా, మూడు సరిపోవు?” అంది. అని, నవ్వుతూ, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మా ఇంటికి తిరిగివచ్చిన తరువాత నవ్వడం నేను చూసింది అదే మొదలు.

చిన్నాయన ఆ జవానును వెతుక్కుంటూ పోయాడు. ఆ మహానుభావుడు “ఏ కాలు? ఏ బొమ్మ?” అని ఎదురడిగి, పని ఉందని చెప్పి సైకిలెక్కి పోయాడట. గుర్తుపట్టి కాపాడాడో, నిజంగానే గుర్తుపట్టలేదో ఈనాటికీ తెలియదు. కాగితాల కోసం బాపు ఠాణాకు పోయి అడిగాడు. రాజ్యం మారిన హడావుడిలో పాత కాగితాలన్నీ ఎటో పోయాయన్నారు. మా అత్త చేతిలో నడిచిన ఆ ఊరంతా అట్లా పోయింది.

ఆ ఏడే నేను కాపురానికి పోయాను. అత్త ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు గీసింది, అడిగినవాళ్ళకు ఇచ్చేసింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు ఆమె కోసం బాట వైపు పెద్ద కిటికీ పెట్టించారు. పది రోజులు కూర్చొని పెన్సిలు పక్కన పెట్టేసిందట. నేను పోయినప్పుడు ఎందుకని అడిగితే, “అందరు బండ్ల మీద కూసొనే పోతున్నరు గదనే. కూసున్నోళ్లను ఏం గీయాలె,” అంది. ఇప్పుడైతే ఆ బాట మీద నడిచే మనిషే కరువు. ఎంత తొందరగా పోతున్నా అందరిదీ ఒకటే వాలకం, ఎవరిని చూసినా ఎవరూ గుర్తురారు.

ఒక్క సంగతి మాత్రం ఈమధ్య నన్ను పట్టుకొని వదలడం లేదు. మా కిటికీ ముందు నుంచి ఊరంతా నడిచింది. అవ్వా, అమ్మా, నేనూ గుడికో పేరంటానికో పోతూ అత్త కళ్ళ ముందు నుంచి ఎన్నిసార్లు నడిచామో. తిరిగివచ్చిన తరువాత ఆమె ఒక్కతే ఆ బాట మీద అడుగు పెట్టలేదు. ఇంట్లో వంటగదికీ ముందరి గదికీ మధ్య ఒదిగి ఒదిగి తిరిగేది, అది నడక అనిపించుకోదు. తరువాత కాలం మారింది, ఎవరూ వద్దనలేదు. అప్పటికి ఆమెకే అడుగు సాగలేదు. ఇవాళ అదే బాట మీద భర్తలు పోయిన ఆడవాళ్ళు సంచి భుజాన వేసుకొని ఉద్యోగాలకు పోతున్నారు, ఎవరూ తలెత్తి కూడా చూడరు, చూసి సంతోషిస్తాను. మా ఇంటివాళ్ళందరి నడకలూ నాకు తెలుసు, కళ్ళు మూసుకుంటే ఒక్కొక్కరూ నడిచి వస్తారు. అత్త మాత్రం కూర్చొనే కనిపిస్తుంది. ఆమె బాట మీద ఎట్లా నడిచేదో ఎవరమూ చూడలేదు.